నడుస్తున్న ఫిల్టర్, ఆగని చెత్త మెయిల్: వరంగల్‌లో ఒక మిర్చి ఎగుమతి సంస్థ కేసు

వరంగల్‌లో మిర్చి, నిజామాబాద్‌లో పసుపు కొని బయటి దేశాలకు పంపే సంస్థ ఇది. పేరు ఇక్కడ అవసరం లేదు. ఆఫీసు ఎనుమాముల మార్కెట్ యార్డుకు దగ్గర్లో ఉంది. మెయిల్ సర్వర్ కూడా ఆ ఆఫీసులోనే, ఒక చిన్న ఏసీ గదిలో నడుస్తుంది. డెబియన్ 11 లినక్స్ మీద మెయిల్ తీసుకుని పంపే పోస్ట్‌ఫిక్స్, దాని వెనక మెయిల్‌ను పరీక్షకు పెట్టే అమావిస్, అమావిస్ లోపల చెత్తను గుర్తుపట్టే స్పామ్‌అసాసిన్, చివర మెయిల్‌బాక్సులు చూసుకునే డవ్‌కాట్. ఈ రోజుల్లో క్లౌడ్‌కి పోకుండా ఇదేమిటని అడిగేవాళ్లుంటారు. ఏళ్ల నాటి బేరసారాల మెయిళ్లు తన సొంత డిస్కులోనే ఉండాలన్నది యజమాని పట్టుదల. ఆ చర్చలోకి నేను దిగలేదు.

ఫిర్యాదు పెద్ద గుమాస్తా నోటి నుంచి వచ్చింది. "ఫిల్టర్ ఉన్నదంటరు, నడుస్తాందంటరు. మరి గీ చెత్తంతా ఎట్ల వస్తాంది సార్? పొద్దుగాల వచ్చి కూసుంటే డిలీట్ కొట్టుడుకే టైమంత పోతాంది." అప్పుడు సీజన్ మాంచి ఊపు మీద ఉంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో ధర పూట పూటకూ మారుతుంటే, బయ్యర్ మెయిల్‌కి గంట ఆలస్యంగా జవాబిస్తే ఆ బేరం గుంటూరుకి పోతుంది. కాబట్టి ఇది చిరాకు కలిగించే సమస్య మాత్రమే కాదు, పైసల సమస్య కూడా.

నాకంటే ముందు చూసినవాళ్లు అందరూ చేసే పనే చేశారు: స్పామ్ అని ముద్ర వేసే హద్దు స్కోరును తగ్గించారు. స్పామ్‌అసాసిన్ ఒక్కో మెయిల్‌ను వందలాది నియమాలతో పరీక్షించి, ఒక్కో నియమానికి ఇన్ని మార్కులని కూడుతుంది. మొత్తం 5 దాటితే స్పామ్. వీళ్లు లోకల్ డాట్ సీఎఫ్ అనే దాని సెట్టింగుల ఫైల్లో ఆ 5ను 3 చేశారు. ఏ మార్పూ రాలేదు. వస్తుందా? అమావిస్ ద్వారా నడిచేటప్పుడు ఆ ఫైల్లోని హద్దు లెక్కలోకే రాదు, అమావిస్‌కు తన సొంత హద్దులుంటాయి. అది తెలిశాక అమావిస్ ఫైల్లో కూడా 3కి దించారు. చెత్త పెద్దగా తగ్గలేదు కానీ, చైనా నుంచి వచ్చిన ఒక నిజమైన కొనుగోలు మెయిల్ జంక్ ఫోల్డర్లో పడి, ఎవరూ చూడకుండా అక్కడే ఉండిపోయింది. దానితో మళ్లీ పాత చోటికి.

ఈ కేసు రాయడానికి ముఖ్య కారణం ఇదే. హద్దు స్కోరు మీద చెయ్యి వేయడం చివరి పని, మొదటి పని కాదు. చెత్త మెయిల్‌కు 4.6 వచ్చి తప్పించుకుంటోందా, 0.8 వచ్చి తప్పించుకుంటోందా అన్నది ముందు చూడాలి. మొదటిదైతే హద్దు గురించి ఆలోచించవచ్చు. రెండోదైతే ఫిల్టర్‌కు అందాల్సిన సమాచారమే అందడం లేదు.

అది చూడాలంటే హెడర్లు, అంటే మెయిల్ పైన మామూలుగా కనపడని వివరాల పంక్తులు, కావాలి. ఇక్కడో చిన్న అడ్డంకి ఉంది. అమావిస్ మామూలు సెట్టింగులో స్కోరు 2.0 కన్నా తక్కువ వచ్చిన మెయిల్‌కు స్పామ్ హెడర్లు అసలు వేయదు. అంటే ఘోరంగా తప్పించుకున్న మెయిల్‌కే ఆధారం ఉండదు. అందుకని ఆ ట్యాగ్ లెవెల్‌ను మైనస్ 999కి దించి, ప్రతి మెయిల్‌కూ స్కోరు, తగిలిన నియమాల జాబితా పడేలా చేశాను. ఆ తర్వాత కొత్తగా వచ్చే చెత్తను తుడిచేయకుండా ఒక ఫోల్డర్లో పడెయ్యమని సిబ్బందికి చెప్పాను. ఫార్వర్డ్ చేయవద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు పోయి, మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించే చిట్టా మిగలదు.

ఫోల్డర్ నిండాక హెడర్లను బట్టి విడదీస్తే మూడు కుప్పలు తేలాయి.

మొదటి కుప్పలోని మెయిళ్లకు ఇప్పటికీ హెడర్లే లేవు. అన్నీ నిజామాబాద్ పసుపు యూనిట్ డొమైన్‌కు వచ్చినవి. ఆ యూనిట్‌ను తర్వాత కొన్నారు, డొమైన్ కూడా తర్వాతే చేరింది. పోస్ట్‌ఫిక్స్‌లో చేర్చారు, డవ్‌కాట్‌లో చేర్చారు, అమావిస్‌లోని స్థానిక డొమైన్ల జాబితాలో చేర్చలేదు. ఆ జాబితాలో లేని డొమైన్‌ను అమావిస్ బయటిదనుకుంటుంది, బయటికి పోయే మెయిల్‌కు స్పామ్ హెడర్ వేయదు. హెడర్ చూసి జంక్‌లోకి తోసే సీవ్ స్క్రిప్టుకు అక్కడ చూడటానికి ఏమీ లేదు. జాబితాలో ఒక్క పేరు చేర్చి అమావిస్‌ను రీలోడ్ చేస్తే సరిపోయింది.

రెండో కుప్ప చిన్నదే కానీ ప్రమాదకరమైనది. యజమాని చిరునామా నుంచే అకౌంటెంట్‌కు మెయిళ్లు: "ఫలానా పార్టీ బ్యాంకు ఖాతా మారింది, ఈ రోజే పంపండి." స్కోరు చూస్తే మైనస్ తొంభై చిల్లర. కారణం వైట్‌లిస్ట్ నియమం, దాని మార్కులు మైనస్ 100. సొంత డొమైన్ నుంచి వచ్చే ప్రతి మెయిల్‌నూ నమ్మమని ఎవరో ఒక పంక్తి రాసి పెట్టారు. ఆరా తీస్తే, గోదాములోని స్కానర్ పంపే కాంటా చీటీలు ఒకప్పుడు జంక్‌లో పడేవట, అందుకని రాశారు. ఫ్రం చిరునామా అన్నది పోస్టు కవరు మీద పంపినవాడు రాసుకునే పేరులాంటిది, ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. దాన్ని మాత్రమే చూసి నమ్మే వైట్‌లిస్ట్ ఉన్నచోట మోసగాడికి మిగతా ఫిల్టర్‌తో పనే లేదు. ఆ పంక్తి తీసేశాను. స్కానర్ ఉన్న లోపలి నెట్‌వర్కును నమ్మకమైన నెట్‌వర్కుల జాబితాలో పెట్టాను. బయటి పార్టీల్లో నిజంగా వైట్‌లిస్ట్ కావాల్సిన బ్యాంకు, షిప్పింగ్ ఏజెంటు లాంటివాళ్లకు మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ పరీక్ష నెగ్గితేనే వర్తించే వైట్‌లిస్ట్ ఆథ్ వాడాను.

మూడోది అసలు కుప్ప. చెత్తలో ఎక్కువ భాగం ఇదే. స్కోర్లు సున్నాకు అటూ ఇటూ. ప్రతి మెయిల్‌లోనూ రెండు నియమాలు జంటగా కనపడుతున్నాయి: యూఆర్ఐబీఎల్_బ్లాక్డ్, బేయెస్_00.

మొదటిదాని మార్కులు 0.001. అంత తక్కువ ఉండటంతో దాన్ని ఎవరూ పట్టించుకోరు. చాలామంది "బ్లాక్డ్" అన్న మాట చూసి ఫిల్టర్ దేన్నో ఆపిందనుకుంటారు. ఆపింది మనల్ని. మెయిల్‌లో ఉన్న లింకుల డొమైన్ చెడ్డదా అని స్పామ్‌అసాసిన్ డీఎన్‌ఎస్ (ఇంటర్నెట్ పేర్లకు చిరునామాలు చెప్పే వ్యవస్థ) ద్వారా యూఆర్ఐబీఎల్ అనే చెడ్డ డొమైన్ల జాబితాను అడుగుతుంది. "నీకు జవాబు ఇవ్వం" అని జాబితా నడిపేవాళ్లు చెప్పారన్నది ఆ నియమం అర్థం. ఎందుకు ఇవ్వరంటే, సర్వర్‌లో డీఎన్‌ఎస్ 8.8.8.8 అని ఉంది. అది గూగుల్ అందరికీ తెరిచి పెట్టిన పబ్లిక్ రిజాల్వర్, అంటే డీఎన్‌ఎస్ ప్రశ్నలకు జవాబు వెతికిపెట్టే సర్వర్. ప్రపంచంలో లక్షల మంది ఆ ఒక్క దారి గుండా అడుగుతుంటే, అడిగేది చిన్న సంస్థో, రోజుకు కోట్ల మెయిళ్లు చూసే కంపెనీయో జాబితావాళ్లకు తెలియదు. ఉచిత సేవ తక్కువ వాడకానికే కాబట్టి, పబ్లిక్ రిజాల్వర్ల నుంచి వచ్చే ప్రశ్నలన్నింటినీ తిరస్కరిస్తారు.

నిర్ధారణకు స్పామ్‌హాస్ జెన్ అనే, చెత్త పంపే సర్వర్ల చిరునామాల జాబితాను అడిగి చూశాను. 127.0.0.2 అనే చిరునామా పరీక్ష కోసమే ఆ జాబితాలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తిరగేసి 2.0.0.127 అని ముందు పెట్టి అడిగితే 127.0.0.2, 127.0.0.4, 127.0.0.10 జవాబులుగా రావాలి. ఈ సర్వర్‌కు వచ్చింది 127.255.255.254. పబ్లిక్ రిజాల్వర్ ద్వారా అడిగావు, జవాబు లేదు అని దాని అర్థం.

ఈ పరిస్థితి ఎప్పటి నుంచి? ఇక్కడ పోస్ట్‌ఫిక్స్ మెయిన్ డాట్ సీఎఫ్ ఫైలు సాయం చేసింది. అందులో జెన్ జాబితాలో ఉన్న సర్వర్లను తలుపు దగ్గరే తిప్పి పంపే పంక్తి ఉంది, కానీ దాని ముందు హ్యాష్ గుర్తు పెట్టి నిద్రపుచ్చారు. ఫైలు మార్చిన తేదీ పట్టుకుని బ్యాకప్ డిస్కులో ఆ వారం లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తీశాను. మొత్తం కథ అందులోనే ఉంది. ఆ రోజుల్లోనే ఇంటర్నెట్ లైను మార్చారు. కొత్త లైను వేసినవాళ్లు డీఎన్‌ఎస్ దగ్గర 8.8.8.8 పెట్టి వెళ్లారు. అంతే, లోపలికి వచ్చే మెయిళ్లన్నీ తిరిగి పోవడం మొదలైంది. ఏ జవాబు వచ్చినా సరే "జాబితాలో ఉంది" అని పోస్ట్‌ఫిక్స్ అర్థం చేసుకుంటుంది. 127.255.255.254 కూడా జవాబే కదా. లాగ్‌లో ప్రతి తిరస్కరణ పక్కనా "ఎర్రర్: ఓపెన్ రిజాల్వర్" అని స్పష్టంగా రాసి ఉంది. ఆ మాట ఎవరూ చదవలేదు. మెయిల్ ఆగింది, ఆపుతున్న పంక్తి కనపడింది, దాన్ని తీసేశారు, మెయిల్ మళ్లీ వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. చెత్త వరద కూడా ఆ రోజే మొదలైంది, కాకపోతే ఆ రెండింటినీ ఎవరూ కలిపి చూడలేదు.

ఇక జంటలో రెండోది, బేయెస్_00. స్పామ్‌అసాసిన్‌లో నేర్చుకునే భాగం ఇది. చెత్త మెయిళ్లలో ఏ మాటలు ఎక్కువ, మంచి మెయిళ్లలో ఏవి ఎక్కువ అని లెక్క కట్టుకుని, కొత్త మెయిల్ ఎటు మొగ్గుతుందో చెబుతుంది. కచ్చితంగా చెత్త అనుకుంటే బేయెస్_99, 3.5 మార్కులు. కచ్చితంగా మంచిదనుకుంటే బేయెస్_00, మైనస్ 1.9. ఇక్కడ "మీ మెయిల్‌బాక్సు నిండింది, పాస్‌వర్డ్ కొట్టండి" అనే మెయిల్‌కు బేయెస్_00 పడింది. అంటే అది నేర్చుకోకపోవడం కాదు, తలకిందులుగా నేర్చుకుంది.

ఎలా నేర్చుకుందంటే, డీఎన్‌ఎస్ తప్పు నుంచే. స్పామ్‌అసాసిన్ తనంత తానుగా పాఠం నేర్చుకునే ఏర్పాటు మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. బేయెస్ మార్కులు పక్కన పెట్టి మిగతా నియమాల స్కోరు 0.1 కన్నా తక్కువ వస్తే మంచి మెయిల్ అని నేర్చుకుంటుంది, 12 దాటితే చెత్త అని నేర్చుకుంటుంది. జాబితాల జవాబులు వచ్చేటప్పుడు ఇది బాగానే నడుస్తుంది. జవాబులు ఆగిపోయాక ఏ చెత్తా 12 దాకా ఎక్కదు, చాలా చెత్త 0.1 కిందే ఉండిపోతుంది. నెలల తరబడి ప్రతి రోజూ చెత్తను మంచిదని రాసుకుంటూ పోయింది. జాబితాలు మూగబోయిన నష్టం ఒకవైపు, దాని పైన బేయెస్ ఇచ్చే మైనస్ 1.9 మరోవైపు. డీఎన్‌ఎస్ ఒక్కటే సరిచేసి వదిలేసి ఉంటే ఈ రెండోది అలాగే మిగిలేది.

గుమాస్తా ఒక మాట అన్నాడు: "మేమేమో రోజు జంక్ ఫోల్డర్ల ఏస్తనే ఉన్నం గద సార్, అది చూసి నేర్సుకుంటదని చెప్పిన్రు." నిజమే, వేస్తున్నారు. రాత్రి పూట వేళకు దానంతటదే నడిచే ఒక క్రాన్ పని ఆ ఫోల్డర్లను, బేయెస్‌కు పాఠం చెప్పే ఎస్ఏ-లెర్న్‌కు చూపిస్తోంది కూడా. కానీ ఆ పని సర్వర్ మీద పూర్తి పెత్తనం ఉన్న రూట్ యూజర్‌గా నడుస్తోంది. నేర్చుకున్నదంతా రూట్ సొంత డేటాబేస్‌లోకి పోతోంది. మెయిల్ పరీక్షించే అమావిస్ చదివేది వేరే డేటాబేస్, అమావిస్ యూజర్ హోం డైరెక్టరీలో ఉన్నది. ఎస్ఏ-లెర్న్‌లో డంప్ మ్యాజిక్ ఆప్షన్ వాడితే ఎన్ని చెత్త, ఎన్ని మంచి మెయిళ్లు నేర్చుకున్నదీ చెబుతుంది. రూట్ పేరుతో అడిగితే చెత్త లెక్క ఘనంగా ఉంది. అమావిస్ పేరుతో అడిగితే మంచి మెయిళ్ల లెక్క కొండంత, చెత్త లెక్క దాని ముందు అరకొర. ఇన్ని నెలలూ సిబ్బంది పడ్డ శ్రమ ఎవరూ చదవని పుస్తకంలో రాసినట్టయింది.

బాగుచేయడం వరుస ప్రకారం జరగాలి. ముందు డీఎన్‌ఎస్. సర్వర్ మీదే అన్‌బౌండ్ అనే సొంత రిజాల్వర్ పెట్టాను. అది వేరే ఎవరికీ ప్రశ్నను అప్పగించకుండా డీఎన్‌ఎస్‌కు మూలమైన రూట్ సర్వర్ల నుంచి మొదలుపెట్టి తానే వెతుక్కునేలా ఫార్వర్డింగ్ పూర్తిగా తీసేశాను. ఇంటర్నెట్ కంపెనీ డీఎన్‌ఎస్‌కు ఫార్వర్డ్ చేసినా ఇదే చిక్కు రావచ్చు, అక్కడా వేల మంది ఒకే దారి. రేపు మళ్లీ లైను మార్చి ఎవరైనా 8.8.8.8 పెట్టినా దెబ్బ తగలకుండా, స్పామ్‌అసాసిన్ ఫైల్లోనే డీఎన్‌ఎస్ సర్వర్ 127.0.0.1 అని విడిగా రాశాను. పోస్ట్‌ఫిక్స్‌లో పాత జెన్ పంక్తిని తిరిగి లేపాను, అయితే 127.0.0.2 నుంచి 127.0.0.11 మధ్య జవాబు వస్తేనే తిప్పి పంపమని షరతు పెట్టి. మొదటి నుంచీ ఆ షరతు ఉండి ఉంటే, ఆ రోజు మెయిల్ ఆగేదే కాదు, ఎవరూ ఆ పంక్తిని తీసేయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

నియమాల అప్‌డేట్ కూడా చూశాను. 3.4.2 కన్నా పాత స్పామ్‌అసాసిన్‌లకు 2020 మార్చి 1 నుంచి కొత్త నియమాలు రావడం ఆగిపోయింది, పాత సర్వర్లలో ఈ చిక్కు నాకు తరచూ ఎదురవుతుంది. ఇక్కడ ఉన్నది 3.4.6, అది బాగానే ఉంది.

తర్వాత బేయెస్. తప్పుడు పాఠాన్ని దిద్దడం కన్నా తుడిచేయడం తేలిక. మొత్తం క్లియర్ చేశాను. కొత్త డేటాబేస్ కనీసం 200 చెత్త, 200 మంచి మెయిళ్లు చూస్తేనే నోరు విప్పుతుంది. చెత్తకు కొదవ లేదు. మంచి మెయిళ్లు ఎంచడమే అసలు పని. ఇన్‌బాక్సును మొత్తంగా చూపిస్తే అందులో తుడవని చెత్త కూడా మంచిదైపోతుంది. అందుకని సిబ్బంది పార్టీల వారీగా విడదీసి దాచుకున్న ఫోల్డర్లు తీసుకున్నాను. అనుమానం ఉన్నవాటికి గుమాస్తా పక్కన కూర్చున్నాడు.

ఈ కూర్చోవడంలో నేర్చుకున్నది ఏ మాన్యువల్లోనూ లేదు. ఈ సంస్థకు వచ్చే నిజమైన బయ్యర్ మెయిల్ పైకి చూస్తే అచ్చం చెత్తలాగే ఉంటుంది: చైనా ఉచిత మెయిల్ చిరునామా, విరిగిన ఇంగ్లీషు, సంతకం లేదు, "అర్జెంట్", "పేమెంట్", "ఇన్వాయిస్" అన్నీ ఉంటాయి. నకిలీ విచారణ మాత్రం దర్జాగా ఉంటుంది: ప్రొక్యూర్‌మెంట్ డైరెక్టర్ హోదా, లోగో, చక్కటి భాష. నేనైతే రెండోదే నిజమనేవాణ్ణి. గుమాస్తా ఒక్క చూపుతో చెప్పేశాడు. "అసలోడు తేజనా, చపాటానా అడుగుతడు సార్. కాడ తీసిందా, కాడతోనా అడుగుతడు. తేమ ఎంత, రంగు ఎంత, ఏ పోర్టుకు, ఎన్ని కంటైనర్లు అంటడు. వీడు చూడున్రి, కేటలాగ్ పంపమంటడు. మిర్చికి కేటలాగ్ ఏంది?" ఆస్టా రంగు విలువ (మిర్చి రంగు కొలత), అఫ్లాటాక్సిన్ (బూజు విషం) పరీక్ష, స్టెమ్‌లెస్ (కాడ తీసినది), సీఐఎఫ్ (సరుకు, బీమా, రవాణా కలిపిన ధర) లాంటి మాటలు బయట చెత్త మెయిళ్లలో అరుదు. ఈ సంస్థ మంచి మెయిళ్లలో మాత్రం అవే నిండి ఉంటాయి. బేయెస్ పట్టుకునేది సరిగ్గా ఇలాంటి తేడానే. ప్రపంచమంతటికీ కలిపి రాసిన నియమాలు దీన్ని పట్టలేవు. వరంగల్‌లో చపాటాను టమాట మిర్చి అంటారని, దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఏ నియమానికి తెలుస్తుంది? అందుకే ఇలాంటి వ్యాపారాల్లో సొంత మెయిళ్లతో శిక్షణ ఇవ్వకుండా హద్దు స్కోరు తగ్గించడాన్ని నేను అసలు ఒప్పుకోను. బయ్యర్ మెయిల్ ఒక్కటి జంక్‌లో పడితే పోయేది, వంద చెత్త మెయిళ్లు తుడిచే శ్రమ కన్నా ఎక్కువ.

తనంత తానుగా నేర్చుకునే ఏర్పాటును ప్రస్తుతానికి ఆపేశాను. శిక్షణ సిబ్బంది చేతి నుంచే: మెయిల్‌ను జంక్‌లోకి జరిపితే చెత్తగా, జంక్ నుంచి బయటికి తీస్తే మంచిదిగా, ఈసారి అమావిస్ యూజర్ పేరుతోనే డేటాబేస్‌లోకి ఎక్కేలా డవ్‌కాట్‌లోని ఐమ్యాప్‌సీవ్‌తో (మెయిల్ జరిపినప్పుడల్లా స్క్రిప్టు నడిపే ఏర్పాటు) కట్టాను. దానితో పాటు ఒక మాట చెప్పాల్సి వచ్చింది: తాము కోరి తెప్పించుకుని ఇప్పుడు విసుగొచ్చిన వార్తా మెయిళ్లను జంక్‌లో వేయొద్దు, వాటికి అన్‌సబ్‌స్క్రైబ్ ఉంది.

పాత హోస్టింగ్ కంపెనీ రోజుల నాటి బ్యాకప్ ఎంఎక్స్ (అసలు సర్వర్ అందకపోతే మెయిల్ తీసుకునే రెండో సర్వర్) ఒకటి డీఎన్‌ఎస్ రికార్డుల్లో ఇంకా మిగిలి ఉంది. ఏ పరీక్షా చేయకుండా అన్నీ తీసుకుని మన సర్వర్‌కు అందిస్తోంది. చెత్త పంపేవాళ్లు కావాలనే ఈ రెండో ద్వారం వెతుక్కుంటారు. అటు నుంచి వస్తే జెన్ పరీక్షలో కనపడేది ఆ బ్యాకప్ సర్వర్ చిరునామా, దానికి మచ్చ లేదు. రికార్డు తీసేశాను. రాత్రంతా కరెంటు పోతే మెయిల్ పోదా అని యజమాని అడిగాడు. పోదు, అవతలి సర్వరే తన దగ్గర దాచుకుని మళ్లీ మళ్లీ పంపుతుంది, పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజుల దాకా ప్రయత్నిస్తుంది.

డీఎన్‌ఎస్ సరైన మర్నాడే తేడా కనపడింది, బేయెస్ నిలదొక్కుకున్నాక మిగతాది తగ్గింది. హద్దు స్కోరు డెబియన్‌లో అమావిస్ మామూలు విలువ 6.31 దగ్గరే ఉంది, దాన్ని నేను ముట్టుకోలేదు. ఇప్పుడు రోజూ పొద్దున ఒక చిన్న స్క్రిప్టు జెన్ పరీక్ష చిరునామాను అడుగుతుంది. 127.0.0.2 రాకపోతే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది.

ఫిల్టర్ ఆపలేనివి కొన్ని మిగిలాయి. షిప్పింగ్ ఏజెంటు ఒకరి అసలైన మెయిల్‌బాక్సే ఎవరి చేతిలోనో పడి, దాని నుంచి ఖాతా మార్పు మెయిల్ వచ్చింది. ఎస్‌పీఎఫ్ నెగ్గింది, డీకిమ్ నెగ్గింది, బేయెస్ కూడా పాత పరిచయమే అంది. ఇలాంటివాటికి సర్వర్‌లో మందు లేదు. బ్యాంకు ఖాతా మారిందని ఎవరు రాసినా, మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మన పుస్తకంలో ముందే ఉన్న నంబరుకు ఫోన్ చేశాకే పైసలు కదలాలని అకౌంట్స్‌లో నియమం పెట్టించాను. పొరపాటున పంపేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఆ టేబుల్ మీద రాసి అంటించాం.

ఒక పని ఇంకా పూర్తి కాలేదు. సొంత డొమైన్ పేరు బయట ఎవరూ వాడుకోకుండా డీమార్క్ పెట్టాం, కానీ విధానం ఇంకా "నన్" (నకిలీ మెయిల్ మీద ఏ చర్యా వద్దు) దగ్గరే ఉంది. నిజామాబాద్ యూనిట్‌లోని పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తన మెయిళ్లను వేరే సర్వర్ ద్వారా పంపుతోంది. దాన్ని మన సర్వర్ గుండా పాస్‌వర్డుతో పంపేలా మార్చేదాకా "క్వారంటైన్"కు (నకిలీ అనిపిస్తే జంక్‌లో వేయమనే విధానం) జరిపితే మన బిల్లులే పార్టీల జంక్‌లో పడతాయి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు సీజన్ అయ్యాక చేస్తామన్నారు.